సంక్రాంతికి పిల్లలు మేడెక్కుతారు, వాటర్ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు ఉంది. ఏం చెయ్యాలి?

పై అంతస్తు:
అందరికీ నమస్తే. మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేం పై అంతస్తులో ఉంటాం. మేడ మీద ట్యాంకు శ్లాబు అడుగున తేనెపట్టు పెట్టి నెలన్నర అయింది. మొదట్లో అరచేయంత ఉండేది, ఇప్పుడు రెండు చేతులు చాపినంత అయింది, దూరం నుంచి చూస్తే నల్ల గొంగళి ఆరేసినట్టు ఉంటుంది. మొన్న బట్టలు తియ్యడానికి వెళ్లి కాస్త దగ్గరగా నిలబడితే ఆ గొంగళి మీద ఒక అల జరజరా పాకింది, ఆగింది, మళ్లీ పాకింది. భయమేసి బట్టలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

పండగ ఇంకో పది రోజులే. గాలిపటాలంటే పిల్లలంతా మేడ మీదే ఉంటారు. అసోసియేషన్‌లో కొందరు "జోలికి పోకపోతే అవేం చెయ్యవు" అంటున్నారు, ఇంకొకాయన వాచ్‌మన్‌తో కర్రకు గుడ్డ చుట్టి కిరోసిన్ పోసి కాల్పిద్దాం అంటున్నారు. మా మామగారికి డెబ్బై దాటాయి, బీపీ ఉంది, రోజూ పొద్దున్నే మేడ మీదే నడుస్తారు. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెట్టెల రైతు:
మేడం, ముందు ఆ కాల్చే ఆలోచన మానిపించండి, ఈరోజే. నేను పన్నెండేళ్లుగా తేనె పెట్టెలు పెడుతున్నాను, పొద్దుతిరుగుడు పూత ఎక్కడుంటే అక్కడికి మోసుకుపోతాం. నా పెట్టెల్లో ఈగలు వేరు, మీ ట్యాంకు కింద ఉన్నవి వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి అవి కొండ తేనెటీగలు, రాక్ బీ అంటారు. నల్లమలలో చెంచులు తాళ్లు కట్టుకుని కొండ చరియల మీదికి దిగి తీసే తేనె వీటిదే. ఒక్క పట్టు మీద వేలకొద్దీ ఉంటాయి. మీరు చూసిన అల ఉంది చూశారా, అది హెచ్చరిక, ఈగలు వరసగా పొట్టలు పైకి లేపితే మనకలా కనిపిస్తుంది. మీరు వెంటనే వెనక్కి రావడం మంచిదైంది.

జోలికి పోకపోతే ఏం చెయ్యవన్నది నిజమే, కానీ జోలికి పోవడమంటే రాయి వెయ్యడం ఒక్కటే కాదు కదా. మాంజా వెళ్లి పట్టును కోసినా, తెగిన గాలిపటం తగిలినా, గద్ద వచ్చి తన్నినా, కింద ఎవరైనా పొగ పెట్టినా లేస్తాయి. ఒక్కటి కుడితే ఆ చోట నుంచి మగ్గిన అరటిపండులాంటి వాసన వస్తుంది, అది మిగతావాటికి పిలుపు. అందుకే చేతులతో కొట్టేకొద్దీ ఇంకా మీద పడతాయి. చాలా దూరం వెంటపడతాయి కూడా.

ఇప్పుడే మేడకు తాళం వేసి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి. తీయించాలంటే ఈ పని తెలిసినవాళ్లతోనే, చీకటి పడ్డాక. ఆ రాత్రి పై అంతస్తుల్లో లైట్లన్నీ ఆర్పి కిటికీలు మూసెయ్యాలి, ఇవి రాత్రిళ్లు వెలుతురు మీదికి వస్తాయి. తీశాక శ్లాబుకు అంటిన మైనాన్ని గీకి కడిగించండి, లేకపోతే ఆ వాసనకి మళ్లీ అక్కడే పెట్టొచ్చు.

చెరువుగట్టు:
రెండేళ్ల కిందట మా ఊళ్లో ఒక పెద్దాయన అంతిమయాత్రలో మర్రిచెట్టు దగ్గర దింపుడు కళ్లం పెట్టారు, టపాసులు కాల్చారు. పైన పట్టు ఉందని అందరికీ తెలుసు, ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు. పాడె అక్కడే వదిలేసి తలో దిక్కుకి పరిగెత్తాం. ఇద్దరు చెరువులో దూకారు, తల పైకెత్తినప్పుడల్లా ఈగలు అక్కడే తిరుగుతున్నాయి. మా నాన్న మాత్రం కదలకుండా ఉంటే పోతాయని కండువా కప్పుకుని కూర్చుండిపోయారు. ఆయన్నే ఎక్కువ కుట్టాయి, చెవుల వెనక, కనురెప్పల మీద కూడా కొండ్లు దిగాయి.

దగ్గర్లోని ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. మూడో రోజుకి మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. అప్పటికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, నాలుగుసార్లు డయాలసిస్ చేయించాం. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ మూడు రోజులు మాకు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎక్కువ కుట్టినవాళ్లకి వాపు తగ్గినా రక్తం, మూత్రం పరీక్షలు చేయించండి.

నైట్ డ్యూటీ:
పైన చెప్పింది అక్షరాలా నిజం, నేను నర్సుని, అలాంటి కేసులు చూశాను. అక్కా, ఈగలు లేస్తే కూర్చోవద్దు, పడుకోవద్దు, నీళ్లలో దూకొద్దు. చున్నీతోనో చొక్కాతోనో ముఖం కప్పుకుని, దారి కనిపించేలా చూసుకుంటూ, ఆగకుండా ఒకే దిక్కుకి పరిగెత్తి గదిలోకో కారులోకో దూరి తలుపులు వేసుకోవాలి. నాలుగైదు ఈగలు వెంట లోపలికి వచ్చినా సరే, బయట ఉన్నవాటికంటే నయం.

కొండి విరిగి ఒంట్లో ఉండిపోతుంది, దాంతోపాటే విషం తిత్తి కూడా, అది ఇంకా విషం పంపుతూనే ఉంటుంది. గోటితో గీకుతారో, పట్టుకుని లాగుతారో మీ ఇష్టం, త్వరగా తీసెయ్యడం ముఖ్యం. సున్నం, ఉల్లిపాయ కోసం వెతుకుతూ ఆలస్యం చెయ్యొద్దు. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అలర్జీ ఉన్నవాళ్లకి ఒక్క ఈగ చాలు. సిట్రిజిన్ వేసుకుని చూద్దాంలే అని ఇంట్లో కూర్చోవద్దు, అప్పుడు కావాల్సింది తొడకి చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. మీ మామగారి బీపీ మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి ఉంచండి, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకి ఆ ఇంజెక్షన్ సరిగా పనిచెయ్యకపోవచ్చు, డాక్టరుకి ముందే తెలియాలి.

పై అంతస్తు:
అందరికీ చాలా థ్యాంక్స్. చెరువుగట్టు గారూ, మీ నాన్నగారి సంగతి అసోసియేషన్ గ్రూపులో పెట్టాను, కిరోసిన్ మాటెత్తిన ఆయనే నిన్న తాళం తెచ్చి మేడ తలుపుకి వేశారు. తేనె తీసేవాళ్లు గురువారం రాత్రి వస్తామన్నారు. మామగారు కింద పార్కింగ్‌లో నడుస్తున్నారు. ఒకటే సందేహం, పక్క అపార్ట్‌మెంట్ మేడ మా మేడకి పాతిక అడుగులే, వాళ్ల పిల్లలు ఇప్పటికే గాలిపటాలు ఎగరేస్తున్నారు.

పెట్టెల రైతు:
పాతిక అడుగులు ఈగలకి ఒక దూరమే కాదమ్మా. గురువారం దాకా వాళ్ల మేడకి కూడా తాళం వేయించండి, తీసే రాత్రి లైట్ల సంగతి వాళ్లకీ చెప్పండి. పట్టు తీశాక కూడా మిగిలిన ఈగలు రెండు మూడు రోజులు అక్కడే తిరుగుతుంటాయి, అవన్నీ పోయాకే పిల్లల్ని పైకి పంపండి.