అత్తయ్యగారికి లోపలి నుంచి చేసే స్కాన్ రాశారు, ఎలా ఉంటుందో చెప్పగలరా?

ప్రశ్న (రాజోలు ప్రాంతం నుంచి):
మా అత్తయ్యగారికి 58 ఏళ్లు. నెలసరి ఆగి ఆరేళ్లయినా ఈమధ్య రక్తపు మరకలు కనిపించడంతో అమలాపురంలో గైనకాలజిస్టుకు చూపించాం, ఆవిడ టీవీఎస్ (యోని ద్వారా లోపలి నుంచి చేసే) స్కాన్ రాశారు. పరికరం లోపలికి పెడతారని తెలిసినప్పటి నుంచి అత్తయ్యగారు ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. వెనకటికి పొట్ట మీద స్కాన్ చేసినప్పుడు నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. దీనికీ అలాగే ఉండాలా? నొప్పి ఉంటుందా?

జవాబు (పాలకొల్లు నుంచి):
ముందు మూత్రానికి వెళ్లి రమ్మంటారండి, మూత్రాశయం ఖాళీగా ఉంటేనే గర్భసంచి బాగా కనిపిస్తుందట. అయితే కొన్నిచోట్ల మొదట పొట్ట మీద కూడా చూస్తారు కనుక, ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. నాకు ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డల) కోసం చేశారు. నడుము కింది బట్టలు తీసి, దుప్పటి కప్పుకుని, మోకాళ్లు మడిచి పడుకోవాలి. సన్నటి ప్రోబ్‌కు (స్కాన్ చేసే కడ్డీ లాంటి పరికరానికి) కొత్త తొడుగు వేసి, జెల్ రాసి, కొన్ని సెంటీమీటర్లు మాత్రమే లోపలికి పెట్టి అటూ ఇటూ తిప్పుతూ చూస్తారు. అండాశయాల వైపు తిప్పినప్పుడు ఒత్తినట్లు అనిపించింది, అంతే. అసలు నాకు స్కాన్ కన్నా ఎవరైనా తలుపు తీస్తారేమోనన్న బెరుకే ఎక్కువ. గడియ వేయమని మొహమాటపడకుండా అడగండి.

జవాబు (కాకినాడ నుంచి, స్కానింగ్ గదిలో పనిచేసే నర్సు):
ఆ వయసులో లోపల పొడిబారి ఉంటుంది కాబట్టి జెల్ ఎక్కువ రాసి నెమ్మదిగా చేయమని చెప్పండి. తొడుగు రబ్బరుది కావచ్చు కాబట్టి, రబ్బరు ఒంటికి పడకపోతే (అలర్జీ ఉంటే) ముందే చెప్పాలి. మహిళా డాక్టరు కావాలని పేరు రాయించుకునేటప్పుడే అడగవచ్చు. మగ డాక్టరైతే గదిలో మరో ఆడమనిషి ఉండాలి, కావాలంటే మీరే పక్కన నిలబడతానని అడగవచ్చు. నొప్పి అనిపించి ఆపమంటే ఆపుతారు. ఇది ధ్వని తరంగాలతో చేసేదే, ఎక్స్‌రే కాదు.

అయితే వాయిదా మాత్రం వేయవద్దు. నెలసరి ఆగాక రక్తం కనిపిస్తే గర్భసంచి లోపలి పొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువ ఉన్నంత మాత్రాన క్యాన్సరేనని కాదు, పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) వంటివీ కావచ్చు, కానీ సాధారణంగా చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

అడిగినవారు:
ఆ రోజు మరక కనిపిస్తే వెళ్లకూడదా?

నర్సు:
వెళ్లవచ్చు, చేసేవారికి చెబితే చాలు. పాత రిపోర్టులు, ఒక ప్యాడ్ వెంట ఉంచుకోండి. ఈలోగా రక్తం ఎక్కువగా పోతే స్కాన్ తేదీ కోసం ఆగకుండా డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లండి.