మహిళా నాయకత్వ సంస్థ పాలకవర్గంలోకి ఎవరిని ఆహ్వానించాలి? (బరంపురం)

ప్రశ్న: బరంపురం కార్యదర్శి

అందరికీ నమస్కారం. గంజాం జిల్లాలో మహిళా వార్డు సభ్యులకూ, సర్పంచులకూ, పొదుపు సంఘాల నాయకురాళ్లకూ శిక్షణ ఇచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు ఇటీవలే కార్యదర్శిగా బాధ్యత తీసుకున్నాను. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంస్థ మాది. పాలకవర్గంలో ఒక స్త్రీవైద్య నిపుణురాలు, ఒక విశ్రాంత ప్రొఫెసరు, ఒక న్యాయవాది, పట్టుచీరల వ్యాపారం సొంతంగా నిలబెట్టిన ఒక మహిళ, ఇంకా కొందరు ఉన్నారు. అందరూ స్వశక్తితో పైకి వచ్చినవారే, సంస్థ మీద అభిమానం ఉన్నవారే. అయినా సమావేశం పెట్టిన ప్రతిసారీ కోరం (సమావేశం చెల్లడానికి ఉండవలసిన కనీస హాజరు) కోసం ఫోన్ల మీద ఫోన్లు చేయవలసి వస్తోంది. సమావేశాల నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకాన్ని సంచిలో వేసుకొని, ఒకరి క్లినిక్‌కూ మరొకరి ఇంటికీ తిరిగి సంతకాలు చేయించుకునే అలవాటు నేను రాకముందు నుంచీ ఉంది.

ఇప్పుడు రెండు స్థానాలు ఖాళీ అయ్యాయి. ఒకదానికి భువనేశ్వర్‌లో మంచి పేరున్న ఒక మహిళను అందరూ సూచిస్తున్నారు. రెండవదానికి దిగపహండి వైపు రెండుసార్లు సర్పంచిగా గెలిచిన ఒకామెను నేను సూచించాను. ఆమె ఏడవ తరగతి వరకే చదివారు. తెలుగు, ఒడియా రెండూ ధారాళంగా మాట్లాడతారు. “ఇంగ్లీషులో ఉండే ఆడిట్ రిపోర్టును ఆమె ఎలా చదువుతుంది?” అని ఒక సభ్యురాలు అడిగారు. ఆ ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి? సభ్యురాలి దుకాణంలో సంస్థ చీరలు కొనవచ్చా? విశాఖపట్నంలో స్థిరపడిన సభ్యురాలు వీడియోలో పాల్గొంటే చెల్లుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత బ్యాంకు అధికారిణి

కార్యదర్శి గారికి నమస్కారం. ఉద్యోగ విరమణ తర్వాత నేను ఒక మహిళా సంస్థకు కోశాధికారిగా ఉన్నాను కనుక లెక్కల వైపు నుంచి చెబుతాను.

లెటర్‌హెడ్ మీద పెద్దల పేర్లు పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలా వరుసగా కనిపిస్తే దాతకు ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పేర్లలో ఎందరు సంవత్సరానికి ఒక్కసారైనా బ్యాంకు స్టేట్‌మెంటు చూశారన్నదే నేను అడిగే మొదటి మాట. మా పాలకవర్గంలో ఒక పిల్లల వైద్యురాలు ఉన్నారు. ఆమెకు అకౌంట్స్ తెలియవు. ఒక సమావేశంలో ఖర్చుల పట్టిక చూస్తూ, “వానాకాలంలో ఈ నెల శిబిరాలేవీ పెట్టలేదు కదా, జీపు అద్దె పోయిన నెలకన్నా ఎక్కువ ఎందుకు అయింది?” అని అడిగారు. వోచర్లు తీసి చూస్తే పాత నెలల బకాయి బిల్లులు అందులో కలిసి ఉన్నాయి. మోసమేమీ జరగలేదు. అయితే అప్పటి నుంచి ఏ నెల బిల్లు ఆ నెలలోనే రాయడం మొదలైంది. పాలకవర్గ సభ్యురాలు చేయవలసిన పని ఇదే. చార్టర్డ్ అకౌంటెంటు ఆడిట్ చేస్తారు, ఉద్యోగులు శిబిరాలు నడుపుతారు, సభ్యురాలు ప్రశ్న అడుగుతుంది.

పెద్దవారిని నియమాల గురించి అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా పెట్టిన ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపిన వాలంటీరు దుర్గాబాయి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్). అప్పటికి ఆమె వయసు పధ్నాలుగేళ్లు. ఆ తర్వాత ఆమె ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. కొత్త సభ్యురాలిలో నేను వెతికేది ఆ తత్వాన్నే, ఆమె సర్పంచి అయినా సరే, ప్రొఫెసరు అయినా సరే.

ఒక ఆచరణాత్మకమైన సూచన: ఆహ్వానించే ముందే “సంవత్సరానికి ఇన్ని సమావేశాలు, ఒక క్షేత్ర సందర్శన, మీకు ఫలానా బాధ్యత” అని ఒక పేజీ రాసి వారి చేతికివ్వండి. తీరిక లేనివారు అప్పుడే సున్నితంగా తప్పుకుంటారు. అలాంటివారిని సలహాదారులుగా ఉంచుకోవచ్చు, అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

జవాబు: జయపురం న్యాయవాది

చట్టం విషయం చెబుతాను. మీ సంస్థకు వర్తించే 1860 చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం, నియమావళిలో వార్షిక సర్వసభ్య సమావేశం ఉంటే అది జరిగిన పధ్నాలుగు రోజుల లోపల, లేకపోతే జనవరిలో, పాలకవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితాను రిజిస్ట్రారుకు ఏటా సమర్పించాలి. చాలా సంస్థలు దీన్ని ఏళ్ల తరబడి మరచిపోతాయి. తీరా ఖాతాలో సంతకందారును మార్చబోతే, కొత్త కార్యవర్గానికి ఆధారం చూపమని బ్యాంకు అడిగినప్పుడు ఉరుకులు పరుగులు పెడతాయి.

“బోర్డులో చేరితే ఆస్తులు జప్తవుతాయా?” అని ప్రముఖులు తరచూ భయపడతారు. సంస్థపై వచ్చిన తీర్పును సంస్థ ఆస్తి మీదనే అమలు చేయాలి, దావాలో పేరున్న పదాధికారి సొంత ఆస్తి మీద కాదని సెక్షన్ 8 చెబుతోంది. అయితే సంస్థ సొమ్మును కాజేసిన సభ్యురాలిని బయటి వ్యక్తిని శిక్షించినట్లే శిక్షించవచ్చని సెక్షన్ 11 కూడా ఉంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించే పద్ధతిని వెంటనే మానండి. జరగని సమావేశం జరిగినట్లు ఉన్న మినిట్స్, వివాదం వస్తే, హాజరు కాని సభ్యురాలినే ముందు చిక్కుల్లో పడేస్తాయి.

చీరల విషయం. కొనడం నిషిద్ధం కాదు. ఆమె తన సంబంధాన్ని ముందే చెప్పాలి, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు గదిలోంచి బయటకు వెళ్లాలి, మరో రెండు దుకాణాల కొటేషన్లు తీసుకోవాలి, ఇదంతా మినిట్స్‌లో నమోదు కావాలి. మార్కెట్ ధరకు మించి చెల్లిస్తే, సంస్థ సొమ్ముతో నిర్వాహకులు లాభపడినట్లై ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు వస్తుంది.

వీడియో సమావేశాల గురించి 1860 చట్టంలో ఏమీ లేదు, మీ నియమావళిలో చేర్చుకోండి. మీది కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 8 కింద నమోదైన లాభాపేక్ష లేని కంపెనీ అయి ఉంటే వీడియో హాజరుకు చట్టంలోనే వీలుండేది. కానీ దాఖలు చేయవలసిన పత్రాల భారం అక్కడ ఎక్కువ. మూడేళ్లు వరుసగా వార్షిక పత్రాలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు.

ఇక ఏడవ తరగతి సంగతి. మా జయపురం పక్కనే ఉన్న పత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి, దేశవాళీ వరి రకాలను కాపాడిన ఆదివాసీ రైతు, 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలయ్యారు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆమెను మండలిలోకి తీసుకున్నప్పుడు ఎవరూ ఇంగ్లీషు చదివించి చూడలేదు.

జవాబు: సిరొంచ నుంచి

మా గడ్చిరోలి జిల్లాలో పద్ధతి కొంచెం వేరు. మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద నమోదైన సంస్థలో ట్రస్టీలు మారితే తొంభై రోజుల లోపల ఛారిటీ కమిషనర్ కార్యాలయానికి మార్పు నివేదిక ఇవ్వాలి. సరిహద్దుకు అటూ ఇటూ పనిచేసే సంస్థలు ఏ రాష్ట్రంలో నమోదైతే అక్కడి నియమమే చూసుకోవాలి. ఒక రాష్ట్రంలో విన్న సలహా మరో రాష్ట్రంలో పనికిరాకపోవచ్చు.

జవాబు: గుణుపురం, మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలు

అమ్మా, పైవారు చెప్పినదంతా నిజమే. కానీ ఒక మాట మిగిలిపోయింది. ఆడిట్ రిపోర్టు సర్పంచమ్మకు అర్థం కాదన్నవారు, గ్రామసభ ఎలా నడుస్తుందో తమకు ఎంత అర్థమవుతుందో కూడా చెప్పాలి. ఒడిశాలో 2012 ఎన్నికల నుంచి పంచాయతీ పదవుల్లో సగం మహిళలవే. గెలిచినామె పేరున భర్త కూర్చుంటే, బీడీఓ (బ్లాకు అభివృద్ధి అధికారి) ముందు నోరు విప్పి ఎలా మాట్లాడాలో, బిల్లు మీద సంతకం పెట్టే ముందు ఏమి చూడాలో రెండుసార్లు గెలిచినామెకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. మీరు ఇచ్చే శిక్షణే అది కదా! 2001లో మహిళా పొదుపు సంఘాల కోసం ఒడిశా ప్రభుత్వ కార్యక్రమం మిషన్ శక్తి మొదలైనప్పటి నుంచి మా సంఘాల్లో చదువు తక్కువ ఉన్న ఆడవాళ్లే అప్పు, వడ్డీ, వాయిదా లెక్కలు నోటితో చెబుతున్నారు. రిపోర్టును రెండు పేజీల ఒడియాలోనో తెలుగులోనో రాసి సమావేశానికి వారం ముందు పంపించండి. ఇంగ్లీషు వచ్చిన సభ్యురాళ్లు కూడా దాన్నే చదువుతారు, చూడండి.

ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను. ఆమెను ఒక్కదాన్నే తీసుకుంటే నలుగురు పెద్దల మధ్య మాట్లాడదు. ఉన్న రెండు స్థానాలనూ క్షేత్రంలో పనిచేసేవారికే ఇవ్వండి. సమావేశానికి వచ్చిన రోజు ఆమె కూలి, బస్సు చార్జీ, భోజనం సంస్థే పెట్టుకోవాలి. వైద్యురాలికి ఒక పూట క్లినిక్ మూస్తే సర్దుకుంటుంది. మా ఆడవాళ్లకు ఒక రోజు పోతే ఆ వారం ఇంటి సరుకులకే లోటు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, రెండు స్థానాల గురించి మీరన్న మాట అధ్యక్షురాలికి చదివి వినిపించాను. భువనేశ్వర్‌లోని మేడమ్‌ను సలహాదారుగా ఉండమని కోరుదామని ఆమె అంగీకరించారు. బాధ్యతల పేజీ ముసాయిదా రాయడం మొదలుపెట్టాను. ప్రస్తుత సభ్యురాళ్లందరికీ కూడా అదే పంపిస్తాను. బస్సు చార్జీ ఇవ్వడానికి ఇబ్బంది లేదు కానీ, పాలకవర్గ సభ్యులకు ఎలాంటి పారితోషికమూ ఉండకూడదని మా నియమావళిలో ఉంది. పోయిన కూలిని భర్తీ చేయడం పారితోషికం కిందికి వస్తుందా? న్యాయవాది గారు వీలు చూసుకొని ఈ ఒక్క సందేహం తీర్చగలరు.