1971 యుద్ధంలో పాల్గొన్న నాన్నగారికి ఇప్పుడు పీడకలలు

ప్రశ్న:
మా నాన్నగారు 1971లో తూర్పు రంగంలో పోరాడారు. ఆ తర్వాత బ్యాంకులో పనిచేసినంత కాలం, అమ్మ ఉన్నంత కాలం యుద్ధం ఊసే ఎత్తలేదు. అమ్మ పోయినప్పటి నుంచి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. దీపావళికి తలుపులన్నీ మూసుకుని కూర్చున్నారు. ఇన్ని దశాబ్దాల తర్వాత ఇలా జరుగుతుందా, లేక ఇది మతిమరుపుకు ఆరంభమా?

సమాధానం 1:
జరుగుతుందండి. ఇది పీటీఎస్‌డీ, అంటే యుద్ధం వంటి భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మత కావచ్చు. వియత్నాంలో పోరాడిన అమెరికన్ సైనికుల్లో సుమారు 2,71,000 మందికి నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ రుగ్మత పూర్తిగానో, పాక్షికంగానో ఉందని 2015లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఉద్యోగం, సంసారం ఇంతకాలం ఆ జ్ఞాపకాలను అదుపులో ఉంచి ఉండవచ్చు. అవి తొలగినప్పుడు, ముఖ్యంగా జీవిత భాగస్వామి మరణించినప్పుడు, లక్షణాలు మళ్లీ తలెత్తడం వైద్యులకు తెలిసిన విషయమే. అయితే ఈ రుగ్మత ఉన్న మాజీ సైనికుల్లో డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) ఎక్కువగా కనిపిస్తున్నందున, రెండింటికీ పరీక్ష చేయించడం మంచిది.

సమాధానం 2:
నిద్రమాత్రలు మాత్రం సొంతంగా ఇవ్వకండి. ఆల్‌ప్రజోలామ్ వంటివి ఈ రుగ్మతను నయం చేయవు సరికదా, ఈ వయసులో తూలి పడే ప్రమాదాన్ని పెంచుతాయి. మాటల ద్వారా చేసే చికిత్స పెద్దవారికీ పనిచేస్తుంది.

సమాధానం 3:
వారికి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటే, ఆ పథకం పాలీక్లినిక్ ద్వారా మానసిక వైద్యుడికి రిఫరల్ అడగండి. "పిచ్చి డాక్టరు" అనుకుని ఆయన రానంటే, నిద్ర పట్టడం లేదన్న ఫిర్యాదుతోనే తీసుకెళ్లండి. అది అబద్ధమేమీ కాదు. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.