గ్రిజ్లీలు తిరిగే కొండలకి గ్లాక్ 19 చాలా, 10 ఎంఎం కొనాలా?

కొండబాట:
డెన్వర్‌లో ఉంటున్నాం, గ్రీన్ కార్డ్ ఉంది. చేతిలో గ్లాక్ 19 అనే 9 ఎంఎం పిస్టల్ ఉంది. జులైలో వయోమింగ్ విండ్ రివర్ కొండల ఉత్తర భాగంలో ఐదు రోజుల బ్యాక్‌ప్యాకింగ్ అనుకుంటున్నాం. కొలరాడోలో అన్నీ నల్ల ఎలుగులే, అక్కడ వాటికన్నా పెద్దవైన గ్రిజ్లీ ఎలుగులు కూడా ఉంటాయి. బేర్ స్ప్రే (ఎలుగుని తరిమే మిరప ఘాటు స్ప్రే) తప్పకుండా ఉంటుంది, పిస్టల్ దాని తర్వాతే. గ్లాక్ 20, స్మిత్ ఎం అండ్ పీ 2.0, స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీ-ఎం ఎలీట్, సిగ్ ఎక్స్‌టెన్ చూశాను, అన్నీ 10 ఎంఎం డబుల్ స్టాక్‌లే (మ్యాగజైన్‌లో, అంటే తూటాల పెట్టెలో, రెండు వరుసలు పట్టేవి). నాణ్యత బాగుంటుందని సీజెడ్ 75 కూడా మనసులో ఉంది. క్యాలిబర్ (తూటా సైజు) మార్చడం వల్ల నిజంగా తేడా ఉంటుందా? ఉంటే ఏది తీసుకోవాలి?

గ్రెయిన్ లెక్క:
తేడా ఉంది. కానీ ఏ తూటా వేస్తారన్న దాన్ని బట్టే ఉంటుంది. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత. 9 ఎంఎంలో 147 గ్రెయిన్ల హార్డ్‌కాస్ట్ (గట్టి సీసం) బుల్లెట్ సెకనుకు 1100 అడుగుల వేగంతో వెళ్తే శక్తి 395 అడుగు-పౌన్ల దగ్గర ఉంటుంది. 10 ఎంఎంలో 220 గ్రెయిన్లది 1200 అడుగులతో వెళ్తే 700 దాటుతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. షూటింగ్ రేంజ్‌లో చవగ్గా దొరికే 10 ఎంఎం 180 గ్రెయిన్ల డబ్బా సుమారు 1030 అడుగులే, అంటే 425 అడుగు-పౌన్లు. అది .40 స్మిత్ అనే చిన్న తూటా స్థాయి. అంత పెద్ద పిస్టల్ మోసి, అవే తూటాలు కొండమీదికి తీసుకెళ్తే డబ్బు దండగ.

ఎలుగుకి హాలో పాయింట్ వద్దు. మొన విచ్చుకుని కొవ్వు, భుజం కండల్లోనే ఆగిపోతుంది. లోపలికి దిగాలంటే బరువైన, గట్టి, చదును మొన బుల్లెట్ కావాలి. గ్రీన్‌లాండ్‌లో కుక్కల బండ్లతో గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల భయానికి గ్లాక్ 20 మోస్తుంది.

కొలరాడో వరకే అయితే మీ 19లో జాకెట్ (రాగి తొడుగు) ఉన్న 147 గ్రెయిన్ల గట్టి, చదును మొన బుల్లెట్ వేసుకోండి, చాలు. విండ్ రివర్‌కి మాత్రం నేను 10 ఎంఎం వైపే. ఒక షరతు: 7 గజాల దూరంలో కాగితం ప్లేటు మీద హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) నుంచి తీసి ఐదు రౌండ్లు గబగబా కాల్చండి. 10 ఎంఎం ఐదూ ప్లేటులో పడకపోతే, 9 ఎంఎం పడితే, ఈసారికి 19తోనే వెళ్ళండి.

స్లైడ్ రైల్:
పిస్టళ్ళ సంగతి. గ్లాక్ 20లో 15 రౌండ్లు, 4.6 అంగుళాల బ్యారెల్, నిండుగా వేస్తే బరువు 1.1 కిలో. గ్రిప్ లావు. చిన్న చేతులకి ట్రిగ్గర్ అందాలంటే పట్టు పక్కకి తిప్పాల్సి వస్తుంది, అప్పుడు గురి పక్కకి పోతుంది. విడిభాగాలు, హోల్‌స్టర్లు దీనికి దొరికినన్ని మరి దేనికీ దొరకవు. స్మిత్ కూడా 15 రౌండ్లే, గ్రిప్ వెనక ముక్కలు మార్చుకోవచ్చు, తడి చేతిలో బాగా పట్టు ఇస్తుంది. బ్యారెల్ లోపల మామూలు గాడులే కాబట్టి సీసం బుల్లెట్లకి ఇదే నయం. నాకు మొదటి ఎంపిక ఇది.

ఎక్స్‌డీ-ఎం మ్యాగజైన్ 16 రౌండ్లది. కొలరాడోలో 2013 నుంచి 15కి మించకూడదు, కొనేముందు అది చూసుకోండి. పైగా దాని గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక ఉండే మీట) పూర్తిగా నొక్కుకోకపోతే పేలదు. గ్లౌజు వేసుకుని హడావిడిలో పట్టుకుంటే ఇది ఇబ్బంది. ఎక్స్‌టెన్ 5 అంగుళాల బ్యారెల్, మంచిదే కానీ ఛాతీ హోల్‌స్టర్‌లో పెట్టుకుంటే పొడుగు.

సీజెడ్ 75 అందమైన ఉక్కు పని, కిలో బరువు, 9 ఎంఎంలో రీకాయిల్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నడం) దాదాపు తెలియదు. దాని స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) ఫ్రేమ్ లోపలి గాడుల్లో నడుస్తుంది కాబట్టి వేళ్ళతో పట్టుకోవడానికి పైన మిగిలేది సన్నటి అంచు. వానలో తడిసిన వేళ్ళతో వెనక్కి లాగి చూడండి, తెలుస్తుంది. 10 ఎంఎంలో అది రాదు కూడా.

కొండబాట:
స్మిత్‌కే మొగ్గుతున్నాను. రీకాయిల్ తగ్గడానికి గట్టి స్ప్రింగ్ వేయమంటున్నారు కొందరు. వేయనా? బురద, వాన సంగతి?

స్లైడ్ రైల్:
కంపెనీ స్ప్రింగ్‌తో మొదలుపెట్టండి. గట్టి స్ప్రింగ్ స్లైడ్‌ని వెనక్కి వెళ్ళేటప్పుడు నెమ్మది చేస్తుంది, ముందుకు వచ్చేటప్పుడు అంతే జోరుగా తోస్తుంది. డబుల్ స్టాక్ మ్యాగజైన్‌లో రెండు వరుసలు పైకి వచ్చేసరికి ఒకటిగా కలవాలి. 220 గ్రెయిన్ల బరువు తూటాలు 15 ఉంటే మ్యాగజైన్ అడుగు స్ప్రింగ్ ఆ దొంతరని సమయానికి ఎత్తలేక, పై తూటా మొన వంగి ర్యాంప్‌కి (తూటాని బ్యారెల్‌లోకి ఎక్కించే వాలుకి) గుద్దుకుంటుంది. పట్టు వదులైతే వేరే జబ్బు: స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు బయటికి పోయే కిటికీలోనే నిలువుగా ఇరుక్కుంటుంది. మణికట్టు బిగించండి, స్ప్రింగ్ మార్చే పని ఉండదు. మీరు తీసుకెళ్ళబోయే తూటాలే కనీసం 50, ప్రతి మ్యాగజైన్ లోంచీ కాల్చి చూడాలి.

ఒకవేళ గ్లాక్ తీసుకుంటే, లేదా మీ 19తోనే వెళ్తే, బ్యారెల్‌లో జాకెట్ లేని సీసం వద్దని కంపెనీ మాన్యువలే చెప్తుంది. సీసం పేరుకుని ప్రెషర్ పెరుగుతుంది. ముఖ్యంగా సీసం కాల్చాక తుడవకుండా జాకెట్ బుల్లెట్లు కాల్చొద్దు.

స్ట్రైకర్ (తూటా అడుగున నిప్పు రేపే ప్రైమర్‌ని కొట్టే పిన్) గాడిలో నూనె వేయకండి. చలికి చిక్కబడుతుంది, దుమ్ముతో జిగురవుతుంది, పిన్ ప్రైమర్ మీద నెమ్మదిగా తగిలి పేలదు. స్లైడ్ నడిచే పట్టాలకి ఒక్కో చుక్క చాలు. మ్యాగజైన్ లోపల పొడిగా ఉంచండి, ఇసుక పడితే అడుగు పలక తీసి గుడ్డతో తుడవండి. బ్యాగు నడుం బెల్టు పడే చోటే నడుం హోల్‌స్టర్ కూడా వస్తుంది, కాబట్టి ఛాతీ హోల్‌స్టర్ తీసుకోండి. స్ప్రే డబ్బా ఎడమ భుజం పట్టీకి, తీయగానే అందేట్టు.

గ్రెయిన్ లెక్క:
గుంపులో హెచ్1బీ వాళ్ళుంటే ఒక మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 'ఒకసారి చూస్తా' అన్నా చేతికివ్వొద్దు. దారిలో యెల్లోస్టోన్‌లో ఆగితే, 2010 నుంచి పార్కులో తుపాకీ ఉంచుకోవడం రాష్ట్ర చట్టం ప్రకారమే, కానీ విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి తీసుకెళ్ళకూడదు. కార్లో తాళం వేసి వెళ్ళండి.