‘పురుగు మందుకు అలవాటు పడింది’ – ఈ మాటలో మారింది ఎవరు?

‘పురుగు మందుకు అలవాటు పడిపోయింది అని మా గుంటూరు వైపు అంటాం, దీన్ని మంచి తెలుగులో ఎలా రాయాలి?’ అని ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు. కింద వచ్చిన జవాబులు చాలామటుకు ‘నిరోధక శక్తిని పెంపొందించుకుంది’ అనే. వ్యాకరణానికి వంక లేదు. కానీ ఊరి మాటలో ఉన్న చిక్కే ఈ పుస్తకాల మాటలోనూ ఉంది. రెండింట్లోనూ ఒక పురుగు తన బతుకులో తనే ఏదో సాధించినట్టు వినబడుతుంది. నేను జంతుశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి, మాది పత్తీ మిరపా పండే ఊరు. ఈ మాట దగ్గర నాకు పట్టింపు ఎక్కువ, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

అలవాటు అంటే ఏమిటో మనకు తెలుసు. చల్లటి ఊరి నుంచి వచ్చిన కోడలికి ఒకటి రెండు వేసవులు గడిస్తే బెజవాడ ఎండ అలవాటవుతుంది. మొదట్లో తల్లడిల్లిన మనిషే తర్వాత ఓర్చుకుంటుంది. మనిషి ఒకరే, మార్పు వచ్చిందీ ఆ మనిషిలోనే.

చేలో జరిగేది అది కాదు. మందు సరిగ్గా తగిలిన పురుగు అలవాటు పడేదాకా ఎక్కడ ఉంటుంది, చచ్చిపోతుంది. మరి మిగిలింది ఎవరు? చేనంతా లక్షల పురుగులుంటే వాటిలో ఏ కొన్నో పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటాయి. ఒకదాని ఒంట్లో మందును విరిచేసే ఎంజైమ్ ఎక్కువ ఉంటుంది, ఇంకోదానిలో మందు పట్టుకోవాల్సిన చోటు రూపమే వేరుగా ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు డీఎన్ఏ నకలు దిగేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారడం వల్ల వచ్చిన తేడాలివి. మందు కొట్టడానికి ముందు వీటితో పెద్ద ఉపయోగం లేదు. పైపు పట్టి ఒకసారి కొట్టాక మాత్రం మిగతావి పోయి ఇవే ఉంటాయి. ఇవే జతకడతాయి, ఇవే గుడ్లు పెడతాయి. పత్తి కాయల్ని తొలిచే పచ్చపురుగుకు గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా సుమారు నెల. అంటే ఒక్క పత్తి కాలంలోనే తరాలు తిరిగిపోతాయి. మొదటి తరంలో వెతికినా దొరకనివి కొన్నేళ్లకు చేనంతా కనబడతాయి. ఏ ఒక్క పురుగూ మారలేదు. మారింది గుంపులో ఎవరెంతమంది అనే లెక్క. జీవపరిణామం అంటే మూలంలో ఇదే.

తేడా మందుకు ముందే ఉందని ఎలా చెప్పగలం, మందు తగిలాకే పుట్టి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. దీన్ని 1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దంపతులు బ్యాక్టీరియాతో తేల్చారు. బ్యాక్టీరియాను చంపే మందు లేని పళ్లెంలో బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా పెరిగాయి. దానిమీద శుభ్రమైన వెల్వెట్ గుడ్డ అద్ది, అదే గుడ్డను మందు కలిపిన పళ్లాల మీద అద్దారు. గుడ్డ నూగుకు అంటుకున్న సూక్ష్మజీవులు మొదటి పళ్లెంలో ఏ చోట ఉన్నాయో ఇక్కడా అదే చోట పడతాయి. మందు పళ్లాలన్నిట్లోనూ బతికిన గుంపులు ఒకే చోట లేచాయి. వెనక్కి వెళ్లి మొదటి పళ్లెంలో ఆ చోట ఉన్నవాటిని చూస్తే, మందు మొహమే చూడని ఆ బ్యాక్టీరియా కూడా తట్టుకుంది. ఇంత చవకలో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పిన ప్రయోగాలు అరుదు. క్లాసులో ఇది చెప్పే రోజంటే నాకు చాలా ఇష్టం.

ఇక మన జిల్లా సంగతి. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు వచ్చిన కొత్తలో పత్తి రైతు వాటిని దేవుడిచ్చిన మందు అనుకున్నాడు. వాటినే మళ్లీ మళ్లీ కొట్టారు. 1987లో పచ్చపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మీద విరుచుకుపడేనాటికి ఆ మందులు దాన్ని ఆపలేకపోయాయి. తర్వాత ఆంధ్ర పొలాల నుంచి పట్టుకెళ్లిన పురుగుల్ని పరీక్షిస్తే అవి పైరిత్రాయిడ్లను తట్టుకుంటున్నాయని తేలింది. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యలు మా తరం మర్చిపోయేవి కావు. అప్పు, వాన, ధర అన్నీ కలిసిన కష్టమది, ఒక్క పురుగు మీదకే నెట్టలేం. అయినా ‘అలవాటు పడింది, డోసు పెంచుదాం’ అనే ఆలోచన ఆ అప్పును కొంత పెంచింది. అలవాటు అనుకుంటే తట్టే దారి అదే మరి: ఇంకాస్త గట్టిగా కొట్టడం. ‘తట్టుకునేవి మిగిలాయి’ అనుకున్నవాడు మందు మార్చాలా, కొట్టడం తగ్గించాలా, మామూలు పురుగుల్ని కూడా కొన్నిటిని బతకనివ్వాలా అని ఆలోచిస్తాడు.

ఆ చివరిది వింతగా ఉంటుంది కానీ బీటీ పత్తితో, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తితో, జరిగింది చూడండి. 2002లో అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువులది వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ కూడా ఇచ్చేవారు, చుట్టూ వరసలు వేయమని. చాలామంది దాన్ని గట్టున పారేశారు. పురుగుకు మేత ఎందుకు వేయాలి అన్నది వాళ్ల ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పినవాళ్లే తక్కువ. ఆ వరసల్లో పెరిగిన మామూలు పురుగు, బీటీని తట్టుకున్న అరుదైన పురుగుతో జతకడితే పుట్టే పిల్లలకు ఆ గుణం ఒక వైపు నుంచే వస్తుంది. ఒక వైపు నుంచే వస్తే సాధారణంగా చాలదు, బీటీ మొక్క తిని చస్తాయి. పచ్చపురుగుకైతే కంది, శనగ, మిరప ఎటూ ఉన్నాయి. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది, దానికి వేరే ఆసరా లేదు. ఆ వరసలు వేయని చేలల్లో తట్టుకునేవాటికి తట్టుకునేవే జత దొరికాయి. 2010లో గుజరాత్‌లో మొదటి జన్యువును అది తట్టుకుంటోందని బయటపడింది, కొన్నేళ్లకు రెండు జన్యువుల పత్తిలోకీ వచ్చింది. ఇప్పుడు మన చేలో గుడ్డిపువ్వు కనబడితే విప్పి చూడండి. రేకులు విచ్చుకోకుండా పురుగు లోపల సన్నటి దారంతో కట్టేసి ఉంటుంది, మధ్యలో పుప్పొడి తింటూ అది కూర్చుని ఉంటుంది.

పరిణామం (ఎవల్యూషన్), ప్రకృతివరణం (నేచురల్ సెలెక్షన్) అనే మాటల సంగతేమిటని అడిగిన మాస్టారికి: అయ్యా, పరిణామం ఉండనిద్దాం, స్థిరపడిపోయింది. కానీ సాంఖ్య దర్శనంలో పరిణామానికి పాలు పెరుగవడం ఉదాహరణ, ఉన్న వస్తువే రూపం మారడం. పేపర్లలో ‘తీవ్ర పరిణామాలు’ అంటే ఫలితాలు. ఈ రెండు అర్థాలూ పిల్లల తలలో ముందే కూర్చుని ఉంటాయి, కాబట్టి ‘జాతి మారింది’ అని కర్తను ప్రతిసారీ చెప్పి తీరాలి. వరణం మీద నా అభ్యంతరం ఇంకాస్త గట్టిది. స్వయంవరంలో లాగా వరించేవాళ్లు ఒకరు ఉండాలనిపిస్తుంది. మిరపకైతే ఆ మాట సరిగ్గా సరిపోతుంది. పోర్చుగీసువాళ్లతో అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలోంచి రైతులు తరతరాలుగా నచ్చిన కాయ గింజే దాచి విత్తుకున్నారు, గుంటూరు దగ్గరి లాం పరిశోధన ఫారంలో శాస్త్రవేత్తలు ఎల్‌సీఏ 334 లాంటి రకాలు తీశారు. అక్కడ ఎంచుకున్న మనిషి ఉన్నాడు. చేలో పురుగును ఎవరూ ఎంచుకోలేదు. మందు కొట్టినవాడు కోరుకున్నది దానికి సరిగ్గా ఎదురు. అందుకే నాకు ‘మిగలడం’ అనే క్రియ నచ్చుతుంది. మా పెదనాన్న ‘మొండివే మిగిలాయిరా’ అనేవాడు. శాస్త్రం ఆయన చదవలేదు గానీ క్రియ మాత్రం సరైనది వాడాడు.

అలవాటు కూడా తరాలు గడిస్తే పిల్లలకు వస్తుంది కదా అన్న అక్కకి: రాదక్కా. మన ఆడపిల్లలకు ఎన్ని తరాలుగా చెవులు కుట్టిస్తున్నాం, ఒక్క పిల్లయినా కుట్టిన చెవులతో పుట్టిందా? బతుకులో ఒంటికి వచ్చిన మార్పు ఇలా బిడ్డకు దిగదు, పుట్టుకతో వచ్చిన తేడాయే దిగుతుంది.

‘ఒళ్లు యాంటీబయాటిక్‌కి అలవాటు పడింది’ అనే మాట గురించి కూడా ఒకరు ఎత్తారు, మంచి పని చేశారు. నిద్రమాత్ర విషయంలో ఒళ్లు అలవాటు పడటం నిజమే, అక్కడ ఆ మాట ఒప్పు. యాంటీబయాటిక్ దగ్గర ఒంటికి ఏమీ కాలేదు, లోపలి బ్యాక్టీరియాలో తట్టుకునేవి మిగిలాయి, అవి మందే వాడని ఇంకో మనిషికీ అంటుకోగలవు. తక్కువ మోతాదులో పెన్సిలిన్ వాడితే ఇలా జరుగుతుందని, దాన్ని కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు.

తమ్ముడూ, నువ్వు అడిగిన వాక్యం ఇదిగో. పరీక్షలో రాయాలంటే ‘మందును తట్టుకునే పురుగుల నిష్పత్తి తరతరానికీ పెరిగింది’ అని రాయి. ఊళ్లో గోడ మీద రాయాలంటే ‘ఈ మందుకు చచ్చేవి చచ్చాయి, చావనివి మిగిలి పిల్లల్ని పెట్టాయి’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.