పరాయి సర్కార్ల బెదిరింపులకు మన దేశంలో ప్రత్యేక చట్టం కావాలా?

వేళచ్చేరి రమణ:
కెనడా 2024 జూన్‌లో సీ-70 చట్టం తెచ్చింది. విదేశీ ప్రభుత్వం తరఫున ఎవరినైనా బెదిరించి లొంగదీసుకోవాలని చూస్తే యావజ్జీవం దాకా పడొచ్చు. బ్రిటన్ 2023 చట్టంలో విదేశీ జోక్యానికి 14 ఏళ్ల వరకు ఉంది. మనకీ అలాంటిది కావాలని నా వాదన. 1959లో దలైలామా వచ్చినప్పటి నుంచి మనమూ ఆశ్రయమిచ్చిన దేశమే కదా. ఇక్కడ చెన్నై కాలేజీల్లో టిబెటన్ పిల్లలు చదువుతున్నారు, చలికాలం వస్తే మన ఆంధ్రా ఊళ్లలో స్వెటర్లు అమ్మేదీ వాళ్లే. వాళ్లలో ఒకడికి చైనా చేతిలో ఉన్న టిబెట్‌లోని లాసా నుంచి అమ్మ ఫోన్ చేసి "ఆ ధర్నాకి వెళ్లకురా, పోలీసులు ఇంటికొచ్చారు" అంటే, వాడు ఏ స్టేషన్‌కి వెళ్లాలి, ఏమని కేసు పెట్టమనాలి?

గుంటూరు శీను:
రమణ గారూ, కెనడా దగ్గర మనం నేర్చుకోవాలా? 1985లో కెనడా నుంచి బయల్దేరిన ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది పోతే శిక్ష పడింది ఒక్కడికి. కెనడాలో ఖలిస్తాన్ వాది నిజ్జర్ హత్య తర్వాత 2023 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని ట్రూడో అక్కడి పార్లమెంటులో నిలబడి మన మీద వేలు చూపించాడు, మన ప్రభుత్వం ఆ మాట కొట్టిపారేసింది. ఈ చట్టాలన్నీ రేపు మన మెడకే చుట్టుకుంటాయి, రాసి పెట్టుకోండి.

వేళచ్చేరి రమణ:
శీనూ, కనిష్క విషయంలో నీ కోపం న్యాయమైనదే. బాంబు పెట్టినవాణ్ని కోర్టుకే లాగాలి, అప్పగించమని అడగాలి. కానీ సౌదీ జర్నలిస్టు ఖషోగ్గీ పెళ్లి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లాడు, కాబోయే భార్య బయట ఎదురుచూస్తూనే ఉంది, ఆయన తిరిగి రాలేదు. 2018 అక్టోబర్ 2న. ఆయన చేసిందల్లా వ్యాసాలు రాయడం. ఏ దేశం చేసినా తప్పు తప్పే, మన దేశానికి ఒక రూలు, వాళ్లకి ఒక రూలు అంటే నేను ఒప్పుకోను.

మూర్తి అడ్వకేట్:
కొత్త చట్టం అక్కర్లేదండీ. బెదిరింపుల మీద భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351 ఉంది. మనిషినే కాదు, అతనికి కావలసినవాళ్లకి హాని చేస్తామని బెదిరించినా వర్తిస్తుంది. మామూలుగా రెండేళ్లు, చంపుతామంటే ఏడేళ్ల వరకు. అమెరికాలో చూడండి: చైనా మాజీ అధికారి ఒకాయన న్యూజెర్సీలో ఉంటే, ఆయన 82 ఏళ్ల తండ్రిని చైనా నుంచి విమానమెక్కించి తీసుకొచ్చి తిరిగొచ్చేయమని కొడుక్కి నచ్చజెప్పమన్నారు చైనా తరఫువాళ్లు. తర్వాత ఆయన ఇంటి తలుపుకి చీటీ అంటించారు, తిరిగొచ్చి పదేళ్లు జైల్లో ఉంటే భార్యాపిల్లలు బాగుంటారని. 2023లో బ్రూక్లిన్ కోర్టులో ముగ్గురికి నేరం రుజువైంది. అది ఉన్న చట్టాలతోనే! విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోకపోవడం, వెంటపడి వేధించడం లాంటి సెక్షన్లతో. అసలు చిక్కు అక్కడ లేదు. హాంకాంగ్ ఉద్యమకారిణి అన్నా క్వాక్ అమెరికాలో ఉంటే 2025లో ఆమె తండ్రిని హాంకాంగ్‌లో అరెస్టు చేశారు. దానికి ఏ దేశం చట్టం మాత్రం ఏం చేయగలదు?

తాంబరం సుజాత:
నాకున్న భయం వేరు. 2019 అక్టోబర్‌లో షీ జిన్‌పింగ్ మామల్లపురం వస్తున్నాడని ఇక్కడి పోలీసులే ముందుగా టిబెటన్ విద్యార్థుల్ని పట్టుకెళ్లారు, టిబెటన్ కవి, ఉద్యమకారుడు టెన్జిన్ సుందూని కూడా. ఏ పిల్లల్ని కాపాడటానికి చట్టం కావాలంటున్నామో వాళ్లనే లోపలేసింది మన వాళ్లు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకమే పెట్టలేదు. రేపు విదేశీ జోక్యం అనే పేరుతో గట్టి చట్టమొస్తే ముందు దెబ్బ తగిలేది ఆ పిల్లలకేనని నాకు టెన్షన్.

వేళచ్చేరి రమణ:
సుజాత గారి మాట నన్ను బాగా కుదిపింది, అయినా చట్టం వద్దనను. మూర్తి గారూ, 351 ఫోన్ చేసినవాణ్ని చూస్తుంది, వాడి వెనక సర్కారు ఉందా లేదా అని అడగదు. రెండేళ్ల కేసుకి మన స్టేషన్లో ఎంత శ్రద్ధ పెడతారో మీకే తెలుసు. బెదిరించడం ఒక్కటే నేరం కావాలి, ధర్నా చేయడం, రాయడం, ఎవరితో మాట్లాడారన్నది అందులోకి రాకూడదని చట్టంలోనే రాయాలి. ముందస్తు అరెస్టులకి దాన్ని వాడకూడదని కూడా. ఫిర్యాదు తీసుకోని అధికారి మీద చర్య ఉండాలి.

మూర్తి అడ్వకేట్:
ముందస్తు అరెస్టులు కూడదన్న మాట చట్టంలో ఉంటే నేనూ మీ వైపే. అది లేకుండా అయితే 351 చాలు.