ఇథనాల్ తీసిన పిప్పి గేదెలకు పెట్టొచ్చా?

మాది చీపురుపల్లి దగ్గర. పత్తి చెక్క రేటు చూస్తే పాల డబ్బులన్నీ దాణాకే పోతున్నాయి. షాపులో డీడీజీఎస్ అని, ఇథనాల్ తీశాక ఎండబెట్టిన పిప్పి, మొక్కజొన్నదీ బియ్యందీ చూపించారు, చెక్క కంటే చవక. సారా వాసనేదో కొడుతోంది, చూడి గేదె కూడా ఉంది, ఇంట్లో టెన్షన్. ఎవరైనా పెడుతున్నారా అన్నా?

— మాది నరసన్నపేట, పెడుతున్నాం. సారా ముందే తీసేసి ఎండబెడతారు తమ్ముడూ, అది పులిసిన వాసనంతే. గింజలో పిండిపదార్థం ఇథనాల్‌గా పోతుంది కాబట్టి మిగతా ప్రొటీన్, కొవ్వు, పీచు సుమారు మూడింతలు చిక్కబడతాయి. మొక్కజొన్నదాంట్లో ప్రొటీన్ 27-30 శాతం, బియ్యందాంట్లో 45 దాకా. చెక్క బదులు వాడు, నూకల బదులు కాదు.

— మూడింతలయ్యేది ప్రొటీన్ ఒక్కటే కాదండీ. గింజకి బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా అలాగే చిక్కబడుతుంది, ఉడికించినా పోదు, పాలల్లోకి దిగుతుంది. ల్యాబ్ రిపోర్ట్ అడగండి, మాడినట్టు నల్లగా ఉన్నది వద్దు, అందులో ప్రొటీన్ సరిగా అరగదు.

— తడి పిప్పి ఇంకా చవక కదా?

— మన ఎండలకి మూడు రోజులు కూడా ఆగదు, రోజూ లోడు దించుకునే పెద్ద డెయిరీలకే అది. పొడిదైనా కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి, మొత్తం మేతలో తేమ తీసేసిన బరువు లెక్కన 20 శాతం దాటనివ్వొద్దు. భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, అందుకని మినరల్ మిక్చర్ తప్పనిసరి. చూడి గేదె సంగతి పశువుల డాక్టర్ని అడిగి చెయ్యి.

— సరే అన్నా. నరసన్నపేటలో మొక్కజొన్నది బస్తా ఎంతకి ఇస్తున్నారు?